రొమ్ము తీసేశాక మళ్లీ కట్టే ఆపరేషన్: సిలికానా, పొట్ట కొవ్వా, వీపు కండా? అప్పుడేనా, తర్వాతా? (గుంటూరు)

అరండల్‌పేట_చెల్లి

నమస్తే అండి. మా అక్కకి 44 ఏళ్లు. కుడి రొమ్ములో 4.5 సెంటీమీటర్ల గడ్డ, పక్కనే ఇంకో రెండు చిన్నవి. చంకలో బిళ్లలకి సూది పరీక్ష చేస్తే వాటిలోనూ క్యాన్సర్ కణాలు కనిపించాయి. హార్మోన్ పాజిటివ్, హెర్2 నెగెటివ్. ముందు కీమో ఇస్తున్నారు, ఇంకా కొన్ని సైకిళ్లు ఉన్నాయి. అది అయ్యాక రొమ్ము మొత్తం తీయాలన్నారు. "కొత్తది కట్టించుకుంటారా, కట్టించుకుంటే అప్పుడేనా, తర్వాతా? ఇంట్లో మాట్లాడుకుని చెప్పండి" అన్నారు సర్జన్ గారు.

మాట్లాడుకోవడానికి మాకేం తెలుసు? ఒకరు సిలికాన్ అంటారు, ఒకరు పొట్ట కొవ్వు అంటారు, ఇంకొకరు వీపు కండ అంటారు. బావగారేమో "ముందు ప్రాణం, అవన్నీ ఎందుకు" అంటున్నారు. అక్కకి మాత్రం కావాలనే ఉంది.

వివరాలు: రెండు సిజేరియన్లు, రెండూ అడ్డకోతే, రెండోదానితో కు.ని. కూడా అయింది. పిత్తాశయం రాళ్లకి పాత పద్ధతిలో కుడి డొక్క కింద పెద్ద కోత. షుగర్ ఉంది, మూడు నెలల సగటు 7.9. ఎత్తు 155, బరువు 71. ఊరు తెనాలి పక్కన. రెండు గేదెలున్నాయి, పాలు పితకడం, గడ్డి మోపులు ఎత్తడం అన్నీ తనే. మా మేనత్తకి 50 దాటకముందే రొమ్ము క్యాన్సర్ వచ్చింది.

ఏది ఎంచుకోవాలి, డాక్టర్లని ఏం అడగాలి? హైదరాబాద్ వెళ్లక తప్పదా?

సూదీదారం (ప్లాస్టిక్ సర్జన్, విజయవాడ)

అడగాల్సిన వివరాలన్నీ మీరే ఇచ్చారు, సంతోషం. పద్ధతి సంగతి కాసేపు పక్కన పెడదాం. ముందు తేలాల్సింది ఆపరేషన్ తర్వాత కరెంటు (రేడియేషన్) పెడతారా లేదా అన్నది. మిగతా నిర్ణయాలన్నీ దాని మీదే ఆధారపడతాయి. గడ్డ 5 సెంటీమీటర్లు దాటినా, నాలుగు అంతకన్నా ఎక్కువ బిళ్లల్లో జబ్బున్నా రేడియేషన్ దాదాపు ఖాయం. ఒకటి నుంచి మూడైతే ఎక్కువమందికి ఇస్తారు. అక్కగారికి కీమోకి ముందే చంకలో జబ్బు రుజువైంది. కీమోతో బిళ్లలు పూర్తిగా శుభ్రపడితే రేడియేషన్ డాక్టర్ మళ్లీ ఆలోచించవచ్చు గానీ, మీరు మాత్రం ఉంటుందనే లెక్కలోనే ఉండండి.

కరెంటు ఉంటే సిలికాన్‌కి నేను ఎందుకు వెనకాడతానంటే: ఇంప్లాంట్ చుట్టూ శరీరం ఎప్పుడూ ఒక పలచటి పొర కడుతుంది. అది మామూలే. రేడియేషన్ తగిలితే ఆ పొర మందమై బిగుసుకుంటుంది. రొమ్ము గట్టిపడి పైకి లాక్కుపోతుంది, కొందరికి నొప్పి కూడా. ఇన్‌ఫెక్షన్ రావడం, కుట్టు విచ్చుకోవడం, చివరికి ఇంప్లాంట్ తీసేయాల్సి రావడం కూడా పెరుగుతాయి. దానికి 7.9 షుగర్ తోడైతే ఇంకా కష్టం.

అలాంటప్పుడు మూడు దారులు. మొదటిది, ఇప్పుడు రొమ్ము తీసి ఛాతీని చదునుగా కుట్టేయడం, కరెంటు పూర్తయ్యాక 6 నుంచి 12 నెలలు ఆగి సొంత కండతో కట్టడం. రెండోది, రొమ్ము తీసేటప్పుడే కింద ఎక్స్‌పాండర్ అనే, సెలైన్ ఎక్కించి ఉబ్బించే ఖాళీ సంచి పెట్టి, చర్మం ముడుచుకుపోకుండా కాపాడుకుంటూ కరెంటు ముగించి, ఆ తర్వాత సంచి తీసి కండ పెట్టడం. మూడోది, ఒకేసారి కండ పెట్టేసి దాని మీదే కరెంటు పెట్టడం. మూడోదాన్ని చేసే సెంటర్లున్నాయి, ఫలితాలు మరీ చెడ్డవేం కావు. కానీ పెట్టిన కొవ్వులో కొంత గట్టిపడి కుంచించుకుపోతే సరిచేయడానికి రెండో పొట్ట ఉండదు.

అక్కగారికి నా ఓటు మొదటిదానికి. చదునుగా కుట్టిన గాయం త్వరగా మానుతుంది, తర్వాత చికిత్స ఆలస్యం కాదు. మీ బావగారి మాటలో ఆ మేరకు న్యాయం ఉంది. అయితే "అవన్నీ ఎందుకు" అన్నదానికి మాత్రం ఒప్పుకోను. కట్టించుకున్నందువల్ల జబ్బు తిరగబెట్టే అవకాశం పెరగదు, తిరగబెడితే కనిపెట్టడమూ ఆలస్యం కాదు. ఇప్పుడు కాదన్నా దారి మూసుకుపోదు, ఐదేళ్ల తర్వాతైనా పదేళ్ల తర్వాతైనా చేయవచ్చు. మొదటి దారిలో పోగొట్టుకునేది చర్మం. రొమ్ము మీది చర్మం అప్పటికి ఉండదు కాబట్టి పొట్ట చర్మం ముక్క ఛాతీ మీద పైకి కనిపిస్తుంది, రంగు కాస్త తేడాగా ఉంటుంది.

పొట్ట విషయానికొద్దాం. బొడ్డు కింద నుంచి పొత్తికడుపు మడత దాకా ఉన్న చర్మం, కొవ్వు తీస్తాం. ఇలా ఒకచోటి నుంచి తెచ్చి రక్తప్రసరణతో బతికించుకునే కండ, కొవ్వు ముక్కనే ఫ్లాప్ అంటాం. ఇందులో పాతది ట్రామ్ ఫ్లాప్, 1982లో హార్ట్రాంఫ్ అనే అమెరికన్ సర్జన్ ప్రచురించింది. పొట్ట నిలువు కండరాన్నే కాడలా వాడి, కొవ్వుని చర్మం కింద సొరంగం చేసి పైకి తిప్పుతారు. మైక్రోస్కోప్ అక్కర్లేదు, నాలుగైదు గంటల పని. కానీ కండరం పోతుంది. పొట్ట గోడ బలహీనపడి ఉబ్బు గానీ హెర్నియా గానీ రావచ్చు, అందుకే మెష్ (వలలాంటి గుడ్డ) వేస్తాం. గడ్డి మోపులెత్తే మనిషికి ఇది నాకు నచ్చదు. పైగా అక్కగారి డొక్క కింది కోత కుడివైపు కండరానికి పైనుంచి వచ్చే రక్తనాళాన్ని కోసేసి ఉంటుంది. చేస్తే గీస్తే ఎడమ కండరంతోనే చేయాలి.

డీప్ ఫ్లాప్‌లో కండరం ఉంచేస్తాం. కండరంలోంచి పైకొచ్చే 1, 2 మిల్లీమీటర్ల సన్నటి రక్తనాళాలని విడదీసి, కొవ్వుని పూర్తిగా ఊడదీసి, ఛాతీ ఎముక పక్కన పక్కటెముకల మధ్య ఉండే రక్తనాళాలకి మైక్రోస్కోప్ కింద కలుపుతాం. ఒక పక్కకే 6 నుంచి 8 గంటలు. 1989లో జపాన్‌లో కోషిమా దారి చూపిస్తే, 90లలో అమెరికాలో ఆలెన్ దాన్ని రొమ్ముకి తెచ్చారు. ముందుగా పొట్టకి సీటీ యాంజియో తప్పనిసరిగా తీయించాలి, ఏ రక్తనాళం ఎక్కడుందో మ్యాప్ లేకుండా దిగకూడదు. అడ్డకోత సిజేరియన్లు సాధారణంగా అడ్డం కావు, లోపలి నాళాలు చెక్కుచెదరకుండా ఉంటాయి. కు.ని. మచ్చతోనూ ఇబ్బంది లేదు. నిలువుకోత ఉండి ఉంటే సగం పొట్టే వాడుకోగలిగేవాళ్లం. డొక్క కింది మచ్చ వల్ల వేరే చిక్కుంది. కొవ్వు తీశాక పైచర్మాన్ని కిందికి లాగి కుడతాం కదా, ఆ మచ్చకి కింద ఉన్న చర్మానికి రక్తం సరిగా అందక పొట్ట కుట్టు నల్లబడి విచ్చుకోవచ్చు. సర్జన్‌కి ఆ మచ్చ చూపించి ప్రత్యేకంగా అడగండి.

ఇక అన్నిటికన్నా ముందు చేయాల్సింది: బీఆర్‌సీఏ జన్యు పరీక్ష, అంటే రొమ్ము క్యాన్సర్ వంశంలో వచ్చే జన్యులోపం ఉందేమో చూసే రక్తపరీక్ష. 50లోపు వయసు, మేనత్త చరిత్ర. తండ్రి వైపు నుంచి కూడా ఈ జన్యువు వస్తుంది, చాలామంది అమ్మ వైపే చూస్తారు. పాజిటివ్ వస్తే రెండో రొమ్ము కూడా తీయించుకోవాలనుకోవచ్చు. పొట్ట ఒక్కసారే పనికొస్తుంది. కుడివైపుకి మొత్తం వాడేసి రెండేళ్ల తర్వాత ఎడమవైపు తీయాల్సి వస్తే అప్పుడు పొట్ట మిగలదు. కీమో నడుస్తుండగానే రక్తం ఇచ్చేయండి, ఆపరేషన్ నాటికి ఫలితం చేతిలో ఉంటుంది.

కిరణం (రేడియేషన్ ఆంకాలజీ)

పై డాక్టర్ గారి వరసే నాదీ. ఎక్స్‌పాండర్ దారి పట్టేవాళ్లకి మాత్రం కొన్ని చేర్చాలి.

మాస్టెక్టమీ (రొమ్ము తీసే ఆపరేషన్) తర్వాత ఇప్పుడు ఎక్కువ చోట్ల 40 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత), 15 విడతల్లో, వారానికి ఐదు రోజుల చొప్పున మూడు వారాలు ఇస్తున్నారు. కొత్త రొమ్ము కట్టి ఉంటే కొందరు ఇంకా పాత పద్ధతిలో 50 గ్రే, 25 విడతలకే మొగ్గు చూపుతారు. ప్లానింగ్ సీటీ తీసిన రోజున ఎక్స్‌పాండర్‌లో ఎన్ని సీసీల సెలైన్ ఉందో, చివరి విడత దాకా అన్నే ఉండాలి. మధ్యలో ఎక్కించినా తీసినా లెక్క అంతా మారిపోతుంది. ప్లాస్టిక్ సర్జన్ ఒక ఊళ్లో, కరెంటు ఇంకో ఊళ్లో అయినప్పుడు తప్పు జరిగేది ఇక్కడే. ఇద్దరికీ ఒకే కాగితం మీద సీసీలు రాయించండి.

ఇంకోటి. ఎక్స్‌పాండర్ సూది రంధ్రంలో చాలావాటికి అయస్కాంతం ఉంటుంది. అది లోపల ఉన్నంతకాలం ఎమ్మారై తీయకూడదు. తలనొప్పికో నడుం నొప్పికో ఎవరైనా ఎమ్మారై రాస్తే ముందు ఈ మాట చెప్పాలి. ఇంప్లాంట్ కార్డు పర్సులోనే ఉండాలి.

చెయ్యి తలపైకి లేవకపోతే మేం ప్లానింగ్ చేయలేం. ఆపరేషన్ తర్వాత భుజం బిగుసుకుపోయి మా దగ్గరకి వచ్చి, వ్యాయామానికని వెనక్కి వెళ్లినవాళ్లకి రెండు మూడు వారాలు వృథా అవుతున్నాయి.

కృష్ణలంక_కత్తి (సర్జికల్ ఆంకాలజీ)

సూదీదారం గారు వీపు కండని పూర్తిగా వదిలేశారు. మన రెండు ఊళ్లలో ఎక్కువమందికి అందుబాటులో ఉండేది అదే.

ఎల్‌డీ ఫ్లాప్ అంటే భుజం కింద వీపు మీద విసనకర్రలా పరుచుకున్న కండరం. దాని రక్తనాళం చంకలోనే ఉంటుంది, తెంచకుండా చర్మంతో సహా ముందుకి తిప్పుతాం. 1906లోనే ఇటలీలో టాన్సినీ చేశారు. మూడు నాలుగు గంటలు పడుతుంది, మైక్రోస్కోప్ అక్కర్లేదు, రక్తప్రసరణ నమ్మదగ్గది, పెట్టిన కండ చచ్చిపోవడం చాలా అరుదు. కరెంటు పెట్టిన ఛాతీ మీద బయటి నుంచి ఆరోగ్యమైన చర్మం తెచ్చి పెట్టడానికి మంచి దారి. షుగర్ ఉన్నవాళ్లకి డీప్ కన్నా భరించదగ్గది.

లోట్లు లేవని కాదు. సన్నని మనిషికి పరిమాణం చాలదు, కింద ఇంప్లాంట్ పెట్టాల్సి వస్తుంది. అక్కగారి బరువుకి వీపు కొవ్వు కూడా కలిపి తీస్తే ఇంప్లాంట్ లేకుండా గడిచిపోవచ్చు. వీపులో నీరు చేరడం చాలా మామూలు. చర్మాన్ని లోపల అక్కడక్కడా కండకి కుట్టేస్తే తగ్గుతుంది. అయినా డ్రెయిన్ (నీరు బయటికి లాగే గొట్టం) తీశాక వారానికి ఒకసారి ఓపీలో సూదితో లాగాల్సి రావచ్చు. చంక బిళ్లలు తీసినప్పుడు ఆ రక్తనాళం దెబ్బతిని ఉంటే ఈ ఫ్లాప్ వీలవదు. కాబట్టి రేపు చంక ఆపరేషన్ చేసే సర్జన్‌తో "థొరాకోడోర్సల్ నాళాలు కాపాడామని" డిశ్చార్జి కాగితంలో రాయించుకోండి. తర్వాత ఎవరు చేసినా ఆ ఒక్క లైను చూసి ధైర్యంగా దిగుతారు.

సూదీదారం

వదిలేయలేదండీ, గేదెల దగ్గర ఆగాను. పాలు పితికేటప్పుడు, మోపు పైకి లాగేటప్పుడు, కింద కూర్చుని చేత్తో నొక్కి లేచేటప్పుడు వాడే కండరం అదే. పట్టణంలో ఉద్యోగం చేసే మనిషికి ఆ బలం తగ్గినట్టు కూడా తెలియదు. ఈమెకి కుడిచేతిలో తెలుస్తుంది. దానికితోడు చంక ఆపరేషన్, కరెంటు, రెండూ ఆ భుజం మీదే. అయినా షుగర్ లొంగకపోతే, మైక్రోసర్జరీ టీమ్ దొరక్కపోతే నేనూ ఎల్‌డీకే వస్తాను.

చెల్లి గారూ, హైదరాబాద్ గురించి అడిగారు. ఎల్‌డీ, ట్రామ్, ఎక్స్‌పాండర్‌లకి అక్కర్లేదు. గుంటూరు కొత్తపేటలో, విజయవాడ సూర్యారావుపేటలో ప్లాస్టిక్ సర్జన్లున్నారు. గుంటూరు జీజీహెచ్‌లో నాట్కో క్యాన్సర్ బ్లాకు ఉంది, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. అక్కడ ఓపీ చీటీ తీసుకుని ప్లాస్టిక్ సర్జరీ అభిప్రాయం కావాలని అడగండి. డీప్ ఫ్లాప్‌కి మాత్రం ఊరి పేరు చూసి నిర్ణయించకండి. సర్జన్‌ని ఇలా అడగండి: "రాత్రి రెండింటికి ఫ్లాప్ నీలం తిరిగితే ఎంతసేపట్లో థియేటర్ తెరుస్తారు, ఎవరు వస్తారు?" తడుముకోకుండా జవాబు వస్తేనే చేయించుకోండి.

ఎందుకంటే ఈ ఆపరేషన్ థియేటర్లో అయిపోదు. మొదటి 24 గంటలు గంటకోసారి రంగు, వేడి, వేలితో నొక్కి వదిలితే రక్తం తిరిగొచ్చే సమయం, చేతి డాప్లర్ యంత్రంలో రక్తం పారే శబ్దం చూడాలి. తెల్లబడి చల్లబడితే ధమని మూసుకుంది. నీలంగా మారి, నొక్కి వదలగానే టక్కున రంగు వస్తే సిర మూసుకుంది. సిరదే ఎక్కువ. ఇవన్నీ చాలావరకు మొదటి 48 గంటల్లోనే వస్తాయి. కొన్ని గంటల్లో మళ్లీ తెరిచి రక్తపు గడ్డ తీస్తే చాలావాటిని బతికించవచ్చు, తెల్లారనిస్తే పోయినట్టే. చెయ్యి తిరిగిన టీమ్‌లో పూర్తిగా పోయేవి నూటికి ఒకటి రెండు.

దిగేముందు షుగర్ సగటు 7.5 లోపుకి తేవాలి, 7 అయితే ఇంకా మంచిది. ఇంట్లో ఎవరైనా చుట్ట, బీడీ తాగుతుంటే ఆ పొగ కూడా నాలుగు వారాల ముందు నుంచి తగలకూడదు. టామోక్సిఫెన్ అనే హార్మోన్ మాత్ర అప్పటికే మొదలై ఉంటే, అది రక్తం గడ్డకట్టే స్వభావాన్ని పెంచుతుంది కాబట్టి మైక్రోసర్జరీకి రెండు నుంచి నాలుగు వారాల ముందు ఆపమని కొందరం అడుగుతాం. మీ అంతట మీరు ఆపకండి, ఆంకాలజిస్టు సరేనన్నాకే. బరువు 71 నుంచి 65, 66కి దిగితే పొట్ట కుట్టు సగం కష్టాలు తప్పుతాయి. మరీ తగ్గినా కట్టడానికి కొవ్వు చాలదనుకోండి, ఆ ఎత్తుకి ఆ భయం లేదు.

తర్వాత ఆస్పత్రిలో ఐదు నుంచి ఏడు రోజులు. రెండో రోజు నుంచి నడిపిస్తాం, ముందుకి వంగే నడవాలి. ఆరు వారాలు పొట్ట బెల్టు, ఆరు వారాలు రెండు మూడు కిలోలకి మించి ఎత్తకూడదు. పాల క్యాను, బిందె ముట్టుకోకూడదు. గేదెల పనికి మూడు నెలలు వేరే మనిషిని చూసుకోండి. నెలలు గడిచాక కొత్త రొమ్ములో గట్టి ఉండ తగిలితే బెంబేలు పడొద్దు. రక్తం అందని కొవ్వు గట్టిపడితే అలాగే ఉంటుంది. అల్ట్రాసౌండ్ తీసి, అనుమానముంటే సూది పరీక్ష చేస్తారు. మీరే కొవ్వు అనుకుని వదిలేయడం మాత్రం వద్దు.

అరండల్‌పేట_చెల్లి

ఒకవేళ కరెంటు అక్కర్లేదంటే? అప్పుడు సిలికాన్ మంచిదేనా? ఇంకో మాట, చదునుగా ఉన్న ఆ ఏడాది అక్క నలుగురిలోకి ఎలా వెళ్లాలి? చీర కట్టుకుంటుంది తను.

సూదీదారం

కరెంటు లేకపోతే సిలికాన్ మంచి దారే. ఆపరేషన్ చిన్నది, వేరేచోట కోత ఉండదు. ఎక్స్‌పాండర్ పెట్టాక రెండు మూడు వారాలకి గాయం మానాక సెలైన్ ఎక్కించడం మొదలు. వారానికో రెండు వారాలకో 50 నుంచి 100 సీసీ. చర్మం తెల్లబడినా, ఓర్వలేని నొప్పి వచ్చినా కొంత వెనక్కి లాగేయాలి. ఒకటి రెండు రోజులు బిగుతుగా ఉంటుంది, పారాసిటమాల్ చాలు. తెనాలి నుంచి రాను పోను తిరగాల్సింది ఇక్కడే, ముందే లెక్క వేసుకోండి. చాలినంత సాగాక, మూడు నుంచి ఆరు నెలల మధ్య, దాన్ని తీసి అసలు ఇంప్లాంట్ పెడతాం. ఇంప్లాంట్‌ని కప్పడానికి ఏడీఎం అని శుద్ధి చేసిన చర్మపు పొర వాడతారు. అది మనిషిది కావచ్చు, పందిది కావచ్చు, పశువుది కావచ్చు. ఇంట్లో పట్టింపు ఉంటే ముందే అడగండి. రొమ్ము పెద్దదిగా, జారి ఉంటే కింది చర్మాన్నే పైపొర గీసి లోపలికి మడిచి వాడవచ్చు, ఖర్చు తగ్గుతుంది.

ఇంప్లాంట్ జీవితకాలపు వస్తువు కాదు. అమెరికా ఎఫ్‌డీఏ 2020లో చెప్పినదాని ప్రకారం ఐదారేళ్లకి మొదటిసారి, ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి అల్ట్రాసౌండ్ గానీ ఎమ్మారై గానీ తీసి లోపల చిరిగిందేమో చూడాలి. గరుకు పైపొర ఉన్నవాటితో అరుదుగా ఒక రకం లింఫోమా (ఇది వేరే క్యాన్సర్) వస్తోందని తేలి, 2019 జూలైలో అలర్గాన్ బయోసెల్ రకాన్ని ప్రపంచమంతటా వెనక్కి పిలిచారు. నున్నటిదే అడగండి. పెట్టి ఏడాది దాటాక ఎప్పుడైనా ఆ రొమ్ము ఉన్నట్టుండి ఉబ్బితే యాంటీబయాటిక్‌తో సరిపెట్టుకోకుండా లోపలి నీటిని తీసి పరీక్షకి పంపాలి.

డ్రెయిన్_సిస్టర్ (స్టాఫ్ నర్స్, రొమ్ము వార్డు)

చీర ప్రశ్నకి నేను చెబుతాను. ముందు సర్జన్‌కి చెప్పాల్సిన మాట: "ఇప్పుడు కట్టడం లేదు కాబట్టి చదునుగా, చంక దగ్గర చర్మం ముడత మిగలకుండా కుట్టండి." చెప్పకపోతే "తర్వాత పనికొస్తుంది" అని చర్మం వదిలేస్తారు. అది చంక కింద ఒరుసుకుని ఎండాకాలం పుండు పడుతుంది.

కుట్లు మానేదాకా, రెండు మూడు వారాలు, ఏమీ పెట్టకండి. తర్వాత దూది కాదు, మెత్తటి నూలు గుడ్డతో కుట్టిన తేలికపాటి పఫ్. ఆరు నుంచి ఎనిమిది వారాలకి సిలికాన్ ప్రోస్థెసిస్, అంటే బ్రాలో బయట పెట్టుకునే కృత్రిమ రొమ్ము. కరెంటు నడుస్తున్నంతకాలం, ఆ తర్వాత చర్మం మామూలు అయ్యేదాకా మళ్లీ నూలుదే. సిలికాన్‌ది రెండో రొమ్ముతో సమాన బరువుండాలి. తక్కువైతే బ్రా ఆ పక్క పైకి పోతుంది, ఏమీ పెట్టుకోకుండా ఏళ్లు గడిపితే భుజం ఒక పక్కకి వంగిపోయి మెడనొప్పి వస్తుంది. జేబు ఉన్న బ్రా దొరక్కపోతే టైలర్‌తో జాకెట్ లైనింగ్ లోపలే నూలు జేబు కుట్టించండి, పైనుంచి వేసి తీసేలా. జాకెట్ మెడ రెండు వేళ్లు పైకి, చంక కాస్త వదులు. పైట పిన్నీసు ఆ పక్క పెట్టొద్దు, ఎడమ భుజానికే. సిలికాన్‌కి సూది గుచ్చుకుంటే లోపలి జెల్ కారి మొత్తం పాడవుతుంది. రోహిణి కార్తెలో విజయవాడ వేడికి దాని కింద చెమట నిలిచి పొక్కులొస్తాయి. రోజూ రాత్రి తీసి, సబ్బునీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి డబ్బాలో పెట్టాలి.

డ్రెయిన్ గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. రోజూ ఉదయం ఒకే వేళకి కొలిచి రాయండి. 24 గంటలకి 30 సీసీ కంటే తక్కువ, వరసగా రెండు రోజులు వస్తే తీస్తారు. ఎరుపు నుంచి లేత పసుపుకి మారాలి. మళ్లీ ఎర్రటి రక్తం వచ్చి సీసా గంటలో నిండుతుంటే ఆగకుండా ఆస్పత్రికి. హఠాత్తుగా సున్నా అయిపోయిందంటే తగ్గిందని కాదు, గొట్టంలో గడ్డ అడ్డుపడి ఉండొచ్చు. పైన ఒక చేత్తో గట్టిగా పట్టుకుని రెండో చేత్తో గొట్టాన్ని కిందికి పిండాలి.

వ్యాయామం మొదటి రోజు నుంచే: పిడికిలి మూసి తెరవడం, మోచెయ్యి వంచడం. డ్రెయిన్ ఉన్నంతకాలం చెయ్యి భుజం ఎత్తు దాటనివ్వొద్దు. తీశాక గోడకి ఎదురుగా నిలబడి వేళ్లతో పైకి పాకించడం, రోజుకి మూడుసార్లు, గోడ మీద పెన్సిల్ గీత పెట్టుకుంటూ. చంక బిళ్లలు తీసిన చేతికి బీపీ, సూది, సెలైన్ వద్దు. గేదెల దగ్గర కొడవలి, ముళ్లు అంటూ చేతికి చిన్న గాటు పడినా కడిగి మందు రాయాలి, ఎర్రబడి జ్వరం వస్తే ఆ రోజే చూపించాలి. చెయ్యి వాపు మొదలయ్యేది అలాంటి వాటితోనే.

టీపీఏ_కౌంటర్

డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉంటే: "ప్లాస్టిక్ సర్జరీ కవర్ కాదు" అని తిప్పి పంపుతారు. నమ్మకండి. ఐఆర్‌డీఏఐ (ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ) 2019లో ఖరారు చేసిన ప్రామాణిక మినహాయింపుల్లో ఎనిమిదో కోడ్ అందం కోసం చేసే సర్జరీని మినహాయిస్తూనే, ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణాన్ని ఆ మినహాయింపు నుంచి తప్పించింది. మీ పాలసీ పుస్తకంలో అదే వాక్యం ఉంటుంది, గీత గీసి జిరాక్స్ పెట్టండి.

ప్రీ ఆథరైజేషన్ (ముందస్తు అనుమతి) ఫారంలో "కాస్మెటిక్", "ఆగ్మెంటేషన్" అన్న మాట ఎక్కడా పడకూడదు. "రొమ్ము క్యాన్సర్‌కి మాస్టెక్టమీ తర్వాత రీకన్‌స్ట్రక్షన్" అని డాక్టర్ రాయాలి, బయాప్సీ రిపోర్టు జతచేయాలి, వైద్యపరంగా అవసరమని చికిత్స చేస్తున్న డాక్టర్ సర్టిఫికెట్ కావాలి. ఇంప్లాంట్ అయితే సీరియల్ నంబరు ఉన్న స్టిక్కరు కేసు షీటు మీద, ఒకటి మీ దగ్గర, దాని అసలు ఇన్వాయిసు. ఏడాది తర్వాత చేయించుకునేవాళ్లు మధ్యలో పాలసీ రెన్యువల్ ఒక్క రోజు కూడా తప్పనివ్వకండి. రెండో రొమ్ముని సమానం చేసే ఆపరేషన్‌కి కొర్రీలు ఎక్కువ వేస్తారు, దానికి విడిగా ముందస్తు అనుమతి తీసుకోండి.

ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు అయితే ఆస్పత్రిలోని డెస్కులో "ఈ ఫ్లాప్‌కి ప్యాకేజీ కోడ్ ఉందా, ఇదే ఆస్పత్రికి ఆ విభాగంలో అనుమతి ఉందా" అని రెండూ అడగండి. మాస్టెక్టమీకి ఉన్నంత మాత్రాన రెండోదానికి ఉన్నట్టు కాదు.

అరండల్‌పేట_చెల్లి

అందరికీ చాలా థ్యాంక్స్ అండి. బీఆర్‌సీఏకి రేపే రక్తం ఇస్తాం. అక్క అడగమన్న ఆఖరి ప్రశ్న: చనుమొన కూడా పెడతారా? స్పర్శ తెలుస్తుందా?

సూదీదారం

స్పర్శ ముందు చెబుతాను, ఎందుకంటే చాలామందికి ఆపరేషన్ అయ్యాకే తెలుస్తుంది. కొత్త రొమ్ముకి మునుపటి స్పర్శ రాదు. అంచుల నుంచి కొంత, ఏడాది రెండేళ్లలో, ఫ్లాప్‌లో అయితే కాస్త ఎక్కువ. వేడి తెలియదు కాబట్టి వేడి కాపడం, హాట్ వాటర్ బ్యాగు ఆ చోట పెట్టకూడదు, చర్మం కాలినా తెలియదు.

చనుమొన చేస్తాం, కానీ ఆఖర్న. రొమ్ము ఆకారం స్థిరపడ్డాక, కనీసం మూడు నెలలకి, అవసరమైతే రెండో రొమ్ముని ఎత్తి సమానం చేశాక. ముందే పెడితే తర్వాత స్థానం తప్పుతుంది. అక్కడి చర్మాన్నే చిన్న రెక్కల్లా కోసి మడిచి కుడతాం, స్థానిక మత్తు చాలు, అదే రోజు ఇంటికి. ఎత్తు కాలక్రమేణా సగం దాకా తగ్గుతుంది, అందుకని కావాలనే పెద్దగా చేస్తాం. మొదట్లో చూసి కంగారు పడొద్దని అక్కగారికి చెప్పండి. చుట్టూ నల్లటి వలయం రెండు మూడు నెలల తర్వాత మెడికల్ టాటూతో. కొన్నేళ్లకి రంగు వెలుస్తుంది, మళ్లీ వేయించుకోవాలి. కోత వద్దనుకుంటే వెలుగునీడలతో వేసే టాటూ ఒక్కటే సరిపోతుంది, అదీ కాదంటే అతికించుకునే సిలికాన్ మొన దొరుకుతుంది. కరెంటు తగిలిన చర్మంలో ఈ చిన్న రెక్కలు కూడా నల్లబడే ప్రమాదం ఉంది. అక్కగారి విషయంలో మొన పొట్ట నుంచి తెచ్చిన చర్మం మీదే వస్తుంది కాబట్టి ఆ భయం తక్కువ.